ఏసీ లేకుండా చిన్న ఇంటిని చల్లగా ఉంచుకోవడం: కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏసీ కొనలేనివాళ్ల కోసం, కొన్నా కరెంటు బిల్లుకు భయపడి ఆపేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సెంటు, సెంటున్నర స్థలంలో కట్టుకున్న కాలనీ ఇళ్లు, రేకుల ఇళ్లు, పాత మట్టి మిద్దెలు, ఒంటి గది అద్దె ఇళ్లు: వీటిలో ఉండేవాళ్లు సైట్ల దగ్గర, వీధుల్లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఉన్న ఇంటికి ఇప్పుడే చేసుకోగలిగినవి ముందు, కొత్తగా కట్టేవాళ్లకు పనికొచ్చేవి తర్వాత ఉన్నాయి.

పగలంతా కిటికీలు, తలుపులు బార్లా తీసే ఉంచుతున్నాం. గాలి ఆడుతున్నా ఇల్లు కుంపటిలా ఉంటోంది. ఎందుకు?

మధ్యాహ్నం ఆడేది వడగాలి కాబట్టి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బయటి గాలి 40 డిగ్రీలు దాటుతుంది. స్లాబ్ ఇంట్లో పొద్దున తొమ్మిది దాటాక లోపలి గాలి బయటి కన్నా చల్లగానే ఉంటుంది. ఆ సమయంలో కిటికీ తెరిస్తే లోపలికి వేడే వస్తుంది, రాత్రంతా గోడలు కూడబెట్టుకున్న చల్లదనం పోతుంది.

కాబట్టి పద్ధతి తిరగేయాలి. పొద్దున తొమ్మిది లోపే కిటికీలు మూసి పరదాలు దించేయండి. వంట చేసేటప్పుడు మాత్రం వంటగది కిటికీ తెరిచే ఉండాలి. సాయంత్రం పొద్దు గుంకి, వాకిట్లో నిలబడితే లోపలి కన్నా బయటే హాయిగా ఉందనిపించాక అన్నీ తెరవండి, తెల్లవారేదాకా తెరిచే ఉంచండి. ఎండాకాలంలో కూడా మన దగ్గర మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ సుమారు 12 డిగ్రీల తేడా ఉంటుంది. కోస్తాలో ఈ సౌకర్యం లేదు, అక్కడ రాత్రీ ఉక్కపోతే. మనకు ఖర్చు లేకుండా దొరికే చల్లదనమంతా రాత్రి గాలిలోనే ఉంది. దాన్ని ఇంట్లోకి రానివ్వడం, వచ్చినదాన్ని మధ్యాహ్నం దాకా పోనివ్వకపోవడం, ఈ రెండే అసలు పనులు.

ఇది రేకుల ఇంటికి వర్తించదు. రేకు కింద గది పదింటికే బయటి కన్నా వేడెక్కుతుంది, మూస్తే ఇంకా అన్యాయం. అక్కడ నీడ ఉన్న వైపు కిటికీ, ఎత్తులో ఉన్న సందులు పగలు కూడా తెరిచే ఉండాలి.

వేడి ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుంది? గోడల నుంచా, పైనుంచా?

పైన ఇంకో అంతస్తు లేని చిన్న ఇంట్లో సగానికి పైగా వేడి పైకప్పు నుంచే వస్తుంది. దీనికి కారణం మన ఊళ్లు ఉన్న చోటు. అనంతపురం, కడపల్లో ఏప్రిల్ చివర, కర్నూలులో మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణ గోడ మీద పడే ఎండ చాలా తక్కువ, మిద్దె మీద పడేది మాత్రం పూర్తిగా పడుతుంది. మిద్దె తర్వాత లెక్క పడమటి గోడది. సాయంత్రం ఏటవాలు ఎండ దాని మీద మూడు నాలుగు గంటలు నేరుగా కాస్తుంది.

నమ్మకం కుదరకపోతే మే నెలలో రాత్రి ఎనిమిదింటికి స్టూల్ ఎక్కి స్లాబ్ అడుగున చెయ్యి ఆనించండి. ఎండ పోయి గంట దాటినా వెచ్చగా తగులుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు మధ్యాహ్నం తాగిన వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. అందుకే సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా స్లాబ్ ఇంట్లో ఉండలేం, చాపా దిండూ తీసుకుని మిద్దె ఎక్కేస్తాం. ఆ వేళ ఫ్యాన్ ఎంత పెంచినా పైనుంచి వచ్చే సెగ ఆగదు. డబ్బు ఏదో ఒక్కదానికే ఉంటే, కూలర్‌కు ముందు మిద్దెకు పెట్టండి.

మిద్దె మీద తెల్ల సున్నం కొడితే నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. ఇంటిని బట్టి గదిలో 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గుతుంది. తెల్లటి ఉపరితలం ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పి కొడుతుంది, నల్లబడ్డ పాత స్లాబ్ ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. పక్కనున్న తెలంగాణ 2023లోనే దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మన కాలనీ ఇళ్లన్నిటికీ స్లాబ్ పూర్తయిన రోజే తెల్ల పూత కూడా బిల్లులో భాగం కావాలని నేను గట్టిగా అనుకుంటాను. ఇల్లు చేతికిచ్చేటప్పుడు లోపల గులాబీ రంగు వేసి, పైన సిమెంటు బూడిద రంగు వదిలేయడం ఏమీ బాగాలేదు.

కొట్టే పద్ధతి సులభమే గానీ తొందరపడితే మొదటి వానకే కొట్టుకుపోతుంది. శివరాత్రి వెళ్లాక, ఎండలు ముదరకముందు చేయండి. మిద్దెను చీపురుతో ఊడ్చి, పాచి గీకి, కడిగి ఆరనివ్వండి. పగుళ్లుంటే ముందు పూడ్చండి. పొడి సున్నాన్ని ముందురోజే నీళ్లలో నానబెట్టి, బట్టలో వడకట్టి, అందులో కొంచెం తెల్ల సిమెంటు, ఫెవికాల్ లాంటి జిగురు కలపండి. కొట్టబోయే ముందు మిద్దె మీద నీళ్లు చిలకరించాలి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టాలి, మిట్ట మధ్యాహ్నం కొడితే ఎండి పొడిగా రాలుతుంది. ఒకే మందపు పూత కన్నా రెండు మూడు పల్చటి పూతలు మేలు: ఒకటి నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా. సున్నం కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రాయి సున్నమైతే నీళ్లు పోయగానే సలసలా మరుగుతుంది, దాని జోలికి పోకుండా పొడి సున్నమే తెచ్చుకోండి.

ఏటా మళ్లీ కొట్టాలి. దుమ్ము పడితే పూత పనితనం తగ్గుతుంది కాబట్టి మే వచ్చేలోపు ఒకసారి ఊడవండి. కొంచెం డబ్బుంటే కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది. టైల్స్ షాపుల్లో మిగిలే తెల్లటి విరిగిన ముక్కలు పరిపించుకుంటే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, వాన నీరు కూడా దిగదు.

మాది రేకుల ఇల్లు. స్లాబ్ వేసే స్తోమత లేదు. ఏం చేయాలి?

రేకు కింద రెండు పనులు చేయాలి: రేకు వేడెక్కకుండా చూడటం, వేడెక్కిన రేకు సెగ మనుషుల మీద పడకుండా అడ్డం పెట్టడం.

మొదటిదానికి పైన తెల్ల పూతే. ఇనుప రేకుకు దానికి సరిపడే పెయింటు అడిగి తెచ్చుకోండి, సున్నం నిలవదు. సిమెంటు రేకుల మీద ఎక్కేటప్పుడు పలక అడ్డం వేసుకోండి, పాతబడ్డ రేకు కాలు పెడితే విరుగుతుంది. ఇంకో జాగ్రత్త: పాత సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తెస్తుంది. కాబట్టి వాటిని పొడిగా గీకడం, రంపంతో కోయడం, కన్నాలు వేయడం చేయకూడదు. తడిపి మెల్లగా కడిగి పూత వేయాలి.

రెండోదానికి రేకు కింద వెదురు తడికెతో ఒక పైకప్పు కట్టాలి. రేకుకూ తడికెకూ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండాలి, ఆ ఖాళీకి రెండు చివరలా గాలి పోయే సందు వదలాలి. సందు మూసేస్తే వేడి అక్కడే నిలిచి తడికెనూ కాలుస్తుంది. చాలామంది పాత చీరలు కడతారు, కొందరు థర్మోకోల్ అంటిస్తారు. పొయ్యి ఉన్న చోట ఈ రెండూ వద్దు. నిప్పు అంటుకుంటే చీర కాలుతూ కిందపడుతుంది, థర్మోకోల్ కరిగి మంట చుక్కలుగా కారుతూ విషపు పొగ వదులుతుంది. తడికె కూడా పొయ్యికి దూరంగానే ఉండాలి.

పల్లెల్లో రేకు మీద జొన్న సొప్ప, బోద గడ్డి పరిచేవాళ్లున్నారు. చల్లదనానికి అది చాలా బాగా పనిచేస్తుంది. అయితే ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న వీధిలో ఒక్క నిప్పురవ్వ చాలు, టౌనులో చేయొద్దు. దాని బదులు తడిపిన గోనె పట్టాలు పరిస్తే నీరు ఆవిరవుతూ రేకు వేడిని లాగేస్తుంది. కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు దానికి చాలు. అనంతపురం జిల్లాలో ట్యాంకర్ నీళ్లు కొని మిద్దె మీద పోయమని మాత్రం ఎవరికీ చెప్పలేను.

మూడు పక్కలా పక్కింటి గోడలే. ముందు ఒక్క తలుపు, ఒక్క కిటికీ. గాలి ఎట్లా వస్తుంది?

గాలి లోపలికి రావాలంటే లోపలున్న గాలికి బయటికి పోయే దారి ఉండాలి. ఒకే వైపు ఎంత పెద్ద కిటికీ పెట్టినా గడప దగ్గర నాలుగడుగులు చల్లగా ఉంటుందేమో గానీ గది చివర కదలిక ఉండదు. ఒక అగరుబత్తి వెలిగించి సాయంత్రం గది మధ్యలో పెట్టి చూడండి. పొగ ఒక వైపు వంగి సాగితే గాలి నడుస్తోంది, నిలువుగా లేచి పైన ముసురుకుంటే ఆగిపోయింది. ఇంట్లో నాలుగు చోట్ల పెట్టి చూస్తే ఎక్కడ కన్నం కావాలో పొగే చూపిస్తుంది.

పక్కకు దారి లేనప్పుడు పైకి దారి ఉంది. వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి కింద ముందు వైపు నుంచి గాలి వచ్చేట్టు, వెనక పైనుంచి పోయేట్టు ఏర్పాటు చేయాలి. మన పాత మట్టి మిద్దెలకు ఇది ఉండేది: మిద్దె నడుమ గవాక్షి అనే కన్నం. పగలు దాన్నుంచి గచ్చు మీద గుండ్రంగా వెలుతురు పడేది, వంట పొగ అందులోంచే పోయేది, వాన వస్తే పైకెక్కి బండ మూసేవాళ్లు. స్లాబ్ ఇళ్లు వచ్చాక దాన్ని మర్చిపోయాం. కొత్తగా స్లాబ్ పోసేటప్పుడు వెనక గదిలో అడుగున్నర చదరం వదిలి, చుట్టూ అడుగు ఎత్తు గోడ లేపి, పైన మూత, పక్కల జాలీ పెడితే అదే పని జరుగుతుంది. పోసేసిన స్లాబ్‌ను మాత్రం ఇంజనీరుకు చూపించకుండా పగలగొట్టొద్దు, లోపల కడ్డీ తెగుతుంది. రేకుల ఇంటికి పైన గాలికి తిరిగే చక్రం బిగించుకోవచ్చు, దానికి కరెంటు అక్కర్లేదు.

లోపలి అడ్డగోడ పైకప్పు దాకా ఉంటే పైన రెండడుగులు తీయించి జాలీ పెట్టించండి, అది బరువు మోసే గోడ కాదని మేస్త్రీ చూసి చెప్పాకే. ముందు తలుపుకు బయట ఇంకో ఇనుప గ్రిల్ తలుపు పెట్టించుకుంటే రాత్రంతా చెక్క తలుపు తీసి పడుకోవచ్చు. గాలి కోసం ఒక్క ఖర్చే చేయగలిగితే నేను ముందు ఇదే చేయిస్తాను.

వెంటిలేటర్లు ఉన్నాయి గానీ దోమలు, దొంగల భయానికి మూసేశాం. ఏమన్నా నష్టమా?

నష్టమే. కర్నూలులో హంద్రీ నది వైపు వీధుల్లో ఏ ఇంటికెళ్లినా వెంటిలేటర్‌లో పాత పేపర్లు, అట్టలు కుక్కి ఉంటాయి, లేదంటే దాని ముందే అటక మీద బిందెలు, ట్రంకు పెట్టెలు. పైన చేరిన వేడి గాలికి అదొక్కటే దారి. పేపర్లు తీసి మెష్ కొట్టించండి. మెష్ గాలిని బాగా తగ్గిస్తుంది, దుమ్ము పట్టిన మెష్ ఇంకా ఎక్కువ. నెలకోసారి తడి బ్రష్‌తో తుడవాలి. తేళ్లు, పాములు తిరిగే చోట కింది కన్నాలన్నిటికీ మెష్ ఉండాల్సిందే. దొంగల భయానికి గ్రిల్ కడ్డీలు దగ్గరగా వేయించండి.

కిటికీ ఎంత ఉంటే చాలు?

వేడి, పొడి వాతావరణంలో గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు గాలికి తెరుచుకోవాలని లెక్క. 2018లో కేంద్రం తెచ్చిన ఇళ్ల నిర్మాణ నియమావళి ఎకో నివాస్ సంహిత కూడా ఇదే చెబుతుంది, తేమ ఎక్కువుండే చోట ఆరో వంతు అడుగుతుంది. పదడుగుల చదరపు గదికి పది చదరపుటడుగులు కావాలి. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ చూడ్డానికి పన్నెండు. అదే జరిపే అద్దాల కిటికీ అయితే సగమే తెరుచుకుంటుంది, అంటే ఆరే. రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. అద్దాల బదులు చెక్క రెక్కలైతే పగలు మూసినప్పుడు ఎండ కూడా లోపలికి రాదు.

ఉన్న సామాన్లతోనే లోపల ఏమైనా మార్చుకోవచ్చా?

మంచం పడమటి గోడకు ఆనించి ఉంటే ముందు దాన్ని జరపండి. ఆ గోడ రాత్రి పదకొండు దాకా సెగ వదులుతుంది. అక్కడ బీరువా, బట్టల అరలు, బియ్యం డ్రమ్ములు పెట్టండి, గోడకు నాలుగంగుళాలు ఎడం వదిలి. మంచం కిటికీకీ తలుపుకీ మధ్య గాలి నడిచే దారిలో ఉండాలి. నులక మంచం, నవారు మంచం కిందినుంచి కూడా గాలి ఆడనిస్తాయి, స్పాంజి పరుపు ఒంటి వేడిని అట్టేపెడుతుంది. ఎండాకాలం మూడు నెలలు పరుపు చుట్టి పక్కన పెట్టి చాప, దుప్పటితో గడపడం మేలు.

పరదాల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఎండను అద్దం బయటే ఆపాలి. లోపల ఎంత మందపు పరదా వేసినా వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. పడమటి కిటికీకి బయట వెదురు తడికెనో, గోనె పట్టానో వేలాడదీయండి. కిటికీ పైన సజ్జా నడినెత్తి ఎండను ఆపుతుంది, సాయంత్రం ఏటవాలు ఎండను ఆపలేదు.

గోడల లోపలి రంగుతో చల్లదనం రాదు, వెలుతురు వస్తుంది. బయట, ముఖ్యంగా పడమటి వైపు, తెలుపో లేత రంగో వేయించండి.

కడప బండ చల్లగా ఉంటుందంటారు. గోడలకు కూడా వేయించమంటారా?

నేలకు వేయించండి. కడప, తాడిపత్రి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల బండలు మన దగ్గరే దొరుకుతాయి, కాలికి చల్లగా తగులుతాయి. నీడలో, భూమికి ఆనుకుని ఉన్నంతకాలమే ఆ గుణం. ఎండ తగిలే నల్ల బండ మధ్యాహ్నానికి కాలు పెట్టనివ్వదు. వాకిలంతా నల్ల బండ పరిస్తే ఆ సెగే గాలితో ఇంట్లోకి వస్తుంది. వాకిట్లో కొంత మట్టి వదిలి, సాయంత్రం కళ్లాపి చల్లండి.

ఫ్యాన్, కూలర్ సరిగ్గా ఎట్లా వాడాలి?

ఫ్యాన్ గదిని చల్లబరచదు, చెమట ఆరేట్టు చేసి మనిషిని చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో ఫ్యాన్ దండగ. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అలాంటప్పుడు ఒంటికి తడి గుడ్డ పెట్టుకోవాలి, లేదా చల్లటి చోటికి మారాలి. రాత్రి తొమ్మిది తర్వాత టేబుల్ ఫ్యాన్‌ను కిటికీలో బయటివైపు తిప్పి గంటసేపు పెట్టండి. లోపలి సెగను తోసేస్తుంది, ఇంకో కిటికీ నుంచి చల్లగాలి వస్తుంది.

కూలర్‌కు కిటికీలు మూయకూడదు. అది తేమ గాలి పంపుతూ ఉంటుంది, ఎదురుగా ఒక కిటికీ తెరవకపోతే గంటలో ఉక్కపోత మొదలవుతుంది. ఏప్రిల్, మే పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది, వానలు పడ్డాక పనిచేయదు. తొట్టి వారానికోసారైనా పూర్తిగా ఖాళీ చేసి తోమండి, లేకుంటే డెంగ్యూ దోమ అందులోనే పెరుగుతుంది.

పాత మట్టి మిద్దె కూల్చి స్లాబ్ వేయాలనుకుంటున్నాం. మంచిదేనా?

అడుగున్నర, రెండడుగుల రాతి గోడ, దూలాల మీద దంతెలు, ఆపైన మందంగా చౌడు మట్టి: ఆ ఇంట్లో మధ్యాహ్నం పడుకుంటే వచ్చే నిద్ర స్లాబ్ ఇంట్లో రాదు. పగటి వేడి ఆ గోడ దాటేసరికి అర్ధరాత్రి అవుతుంది. అయితే చెదలు పట్టిన దూలం కింద పిల్లల్ని పడుకోబెట్టకూడదు. ఏటా కొత్త చౌడు వేస్తూ పోతే బరువు పెరిగి, ముసురు వానకు మిద్దె కూలి ప్రాణాలు పోయిన ఊళ్లు మనకు తెలుసు. దూలాలు గట్టిగా ఉంటే పాత మట్టి కొంత తీసేసి బాగు చేయించుకోండి. లేకపోతే కప్పు ఒక్కటే మార్చి, గోడలు నిలబడగలిగితే ఉంచుకోండి. రాతి గోడలు పడగొట్టి నాలుగంగుళాల సిమెంటు ఇటుక కట్టుకోవడం మాత్రం చేతిలో ఉన్నది పోగొట్టుకోవడమే.

కొత్తగా కాలనీ ఇల్లు కడుతున్నాం. మేస్త్రీకి ఏం చెప్పాలి?

340 చదరపుటడుగుల ఇంట్లో ప్లాన్ పెద్దగా మార్చలేం. ఎదురెదురు గోడల్లో కిటికీలు, ప్రతి గదికీ వెంటిలేటరు అడగండి. స్నానాల గది, మెట్లు పడమట వస్తే ఆ ఎండ వాటి మీదే పోతుంది. పడమటి గోడ ఒక్కటైనా మందంగా కట్టించండి, లేదా లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు (ఏఏసీ బ్లాకులు) వాడండి, వాటిలోంచి వేడి చాలా నెమ్మదిగా దిగుతుంది. మేస్త్రీకి వచ్చి ఉంటే, ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో విరివిగా కట్టించిన పద్ధతి అడగండి: ఇటుకను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడ. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది. పైకప్పు ఎత్తు పదడుగులు చాలు. ఇంకా పెంచే డబ్బును మిద్దె మీద పూతకు మళ్లించండి.

జూన్ నుంచి మన దగ్గర గాలి బలంగా పడమర, నైరుతి నుంచే వీస్తుంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది అందుకే. కాబట్టి ఎండకు భయపడి పడమట పూర్తిగా మూయకండి. చెక్క రెక్కలున్న చిన్న కిటికీ పెట్టి, పొద్దు గుంకాక తెరవండి.

వాస్తు ప్రకారం అక్కడ కిటికీ వద్దంటున్నారు.

తలుపు ఎటుండాలో మీ నమ్మకం మీది. గాలికి కావలసింది రెండు వైపులా దారి. ఆ దారి ఉండేట్టు వాస్తు చెప్పేవాళ్లనే ఇంకో చోటు చూపమనండి, చూపిస్తారు.

చెట్టు పెట్టే చోటు లేదు.

పడమటి గోడకు రెండడుగుల మట్టి ఉన్నా బీర, కాకర, చిక్కుడు తీగ పందిరి ఎక్కుతుంది. బోకులు తోమిన నీళ్లు దానికి చాలు. వీధి చివర అందరూ కలిసి వేప, కానుగ నాటుకోండి. కానుగ మన ఎండల్లోనూ పచ్చగా ఉండి చిక్కటి నీడ ఇస్తుంది.

అద్దె ఇల్లు. ఇంటాయన గోడకు మేకు కూడా కొట్టనివ్వడు.

కిటికీలు తెరిచే, మూసే వేళలు, మంచం చోటు, బయట తడికె, రాత్రి ఫ్యాన్ పద్ధతి: వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సున్నం సంచి మేమే తెస్తాం, కూలి కూడా మాదే అని అడిగి చూడండి. మిద్దె కురవడం కూడా తగ్గుతుందంటే చాలామంది ఒప్పుకుంటారు.

ఇవన్నీ చేసినా ముసలివాళ్లు తట్టుకోలేకపోతున్నారు. ఎప్పుడు భయపడాలి?

మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం, స్పృహ తప్పడం: ఇవి వడదెబ్బ గుర్తులు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడి గుడ్డలు పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా రేకుల ఇంట్లో ముసలివాళ్లను, పసిపిల్లలను ఉంచొద్దు. పక్కింటి మట్టి మిద్దె అయినా, గుడి మంటపం అయినా, వేపచెట్టు నీడ అయినా వాళ్లకు ఆ నాలుగు గంటలు రేకు కింద కన్నా నయం.